సొరుగులో కళ్ళజోడు

చిన్నకోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. వచ్చినవాళ్ళ ముక్కుల మీద కళ్ళజోడు సరిగ్గా కూర్చోబెట్టడం ఆమె పని. మనిషి గుమ్మంలో ఉండగానే ఎడమ చెవి కుడి చెవికంటే కిందికి ఉందనీ, ముక్కుదూలం ఓ పక్కకి వాలిందనీ పట్టేసేది. కాడని వేడిగాలి మిషను ముందు పట్టి మెత్తబరిచి, వేలితో ఒంచి, చెవి వెనక తగిలించి, "ఇప్పుడు తల ఊపండి" అనేది. ఎంత ఊపినా జోడు జారేది కాదు. దుకాణం యజమాని, పనివాళ్ళంతా చాటుగా భూతద్దం అని పిలిచే ఆయన, ఎవరినీ మెచ్చుకోని మనిషి, ఆమె చెయ్యి పడితే మాత్రం మళ్ళీ సరిచూసేవాడు కాదు.

అంత చూపున్న పిల్ల. ఆ చూపు చూసుకుని మిడిసిపడింది, అక్కడ వచ్చింది చిక్కంతా.

ఇంట్లో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అత్తగారికి "చిన్నదానా", తోడికోడలికి "చెల్లీ", మొగుడికి "ఇదిగో". మొగుడు బస్సు డిపోలో టైర్లు మార్చి వచ్చి, ఇంత తిని, దిండు కనబడితే చాలు ఒరిగిపోయేవాడు. బావగారు లారీ డ్రైవరు, వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. ఇంక మిగిలింది ముగ్గురు ఆడవాళ్ళు. అత్తగారికి ఒళ్ళంతా గొంతే. ఆవిడ వంటింట్లో మాట్లాడితే వీధి చివరివాళ్ళు సమాధానం చెప్పేవాళ్ళు. పెద్దకోడలు అందుకు పూర్తిగా ఎదురు. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని చొక్కాలూ గౌన్లూ కిటికీ పరదాలూ కుట్టేది. నోరు విప్పితే దారం తెగిపోతుందన్నట్టు ఉండేది.

చిన్నకోడలు ఉద్యోగం చేస్తానన్నప్పుడు మొగుడు నసిగాడు. అత్తగారే గరిటె పుచ్చుకుని మధ్యలో నిలబడింది. నువ్వు టైర్లు తిప్పగా లేనిది అది మరలు తిప్పితే ఏం కొంప మునిగిందని కొడుకుని నిలదీసి, మర్నాడు పొద్దున్నే తన చేత్తో అన్నం డబ్బా కట్టి కోడలిని పంపింది. ఈ సంగతి మొదట్లోనే చెప్పుకోవడం మంచిది. తర్వాత చెబితే ఎవరికీ గుర్తుండదు, చిన్నకోడలికి గుర్తు లేనట్టే.

ఆమెకి బొమ్మలు గీసే పిచ్చి ఉండేది. కాగితం మీద కాదు, ఫోన్ మీద, వేలితో. బస్సులో గీసేది, దుకాణంలో భోజనాల వేళ గీసేది, సాయంత్రం వంటింటి బల్ల దగ్గర అత్తగారికి ఎదురుగా కూర్చుని గీసేది. గడులు గడులుగా బొమ్మలు, మాటలు పెట్టడానికి బుడగలు. వారానికొకటి ఇంటర్నెట్లో పెట్టేది. దాని పేరు "గంగాళం గారి ఇల్లు". తన పేరు అక్కడ సూదిమొన.

కథ సొంత ఇంటిదే. అత్తగారిని కాళ్ళూ చేతులూ ఉన్న పెద్ద గంగాళంగా గీసింది. కోపమొస్తే మూత ఎగిరిపడుతుంది, సంతోషమొస్తే పొంగుతుంది. మొగుడు నడిచే దిండు. తోడికోడలు గోడ మీద బల్లి. కదలదు, మెదలదు, ప్రతి గడిలోనూ ఓ మూల నుంచి చూస్తూ ఉంటుంది. తనని మాత్రం చక్కగా మనిషిలా గీసుకుంది. గీసే చెయ్యి తనది కదా.

బొమ్మల కథలు గీసేవాళ్ళు గోడలు మళ్ళీ మళ్ళీ గీయరు. వంటిల్లు ఒక్కసారి గీసి ఉంచుకుని, ప్రతి వారం అదే వెనక పరిచి, ముందు మనుషుల్ని మారుస్తారు. ఆమె కూడా తమ వంటిల్లే గీసింది. స్టవ్వు, దాని కుడిపక్క పెరటి తలుపు, మసిగుడ్డ తగిలించే మేకు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. గీశాక, ఎవరైనా గుర్తుపడితే కొంప మునుగుతుందని భయమేసింది. బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పేసే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కింది. తలుపు ఎడమపక్కకి పోయింది. ఇల్లు తమది కాకుండా పోయింది. తన తెలివికి తనే మురిసిపోయింది.

జనం విరగబడి చదివారు. వాళ్ళని ఎక్కువ నవ్వించింది గంగాళం గుడ్డిచూపు. అత్తగారి పాత కళ్ళజోడు అద్దాలు గీతలు పడి నూనెకాగితంలా అయ్యాయి, ఒక కాడకి దారం చుట్టి ఉంది. ఆవిడ చీపురుని పిల్లి అనుకుని అదిలించేది. గోడకున్న కోటుని కుశలం అడిగేది. చిన్నకోడలు అవన్నీ గీసి పెట్టేది.

అలాగని అత్తగారి కళ్ళు పట్టించుకోలేదని కాదు. దుకాణానికి తీసుకెళ్ళి పరీక్ష చేయించింది, కొత్త అద్దాలకి చెప్పింది. అవి వచ్చాయి. తనే కూర్చుని ఫ్రేములో బిగించి, తుడిచి, గోధుమరంగు డబ్బాలో పెట్టింది. ఆ సాయంత్రమే ఇంటికి తీసుకెళ్దామనుకుంది. ఆ మధ్యాహ్నమే, గంగాళం టీలో చక్కెర అనుకుని ఉప్పు కలిపిన బొమ్మకి ఎప్పుడూ రానంత నవ్వు వచ్చింది. ఫోన్ గణగణలాడుతూనే ఉంది. ఇంకొక్క వారం చూద్దాం అనుకుంది. ఆవిడకి చూపు వస్తే కథలో ఏం మిగులుతుంది? పైగా బల్లకి అటుపక్క కూర్చునే మనిషికి ఇటుపక్క ఫోన్లో తన పొట్ట, తన మూత కనబడవూ? డబ్బా సొరుగులోకి వెళ్ళింది, అద్దాలు తుడిచే గుడ్డల కింద.

వారానికొకసారి అత్తగారు అడిగేది, నా అద్దాలు వచ్చాయా చిన్నదానా అని. ఇంకా రాలేదత్తయ్యా అనేది ఈమె. మొదట్లో చెప్పేటప్పుడు తల వంచుకునేది. తర్వాత బొమ్మ గీస్తూనే చెప్పేసేది.

ఆ రోజుల్లోనే ఆమెకి ఇంకో రుచి తగిలింది. తనలాగే గీసేవాళ్ళని వెతుక్కుని చదవడం. ఒక నర్సు మొహాలు లేకుండా రోగుల చేతులు మాత్రమే గీసేది. ఒక చేతిని చూస్తే ఆ మనిషి బతికి ఇంటికి వెళ్ళాడో లేదో తెలిసిపోయేది. ఒకతను రోజూ తన కిటికీ ఒక్కటే గీసేవాడు. బయట ఎండ మారుతుంది, పావురం మారుతుంది, కిటికీ మారదు. ఒక లెక్కల టీచరు తన కుక్క చెప్పే చాడీలు గీసేది. చిన్నకోడలు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే చదువుతూ ఉండిపోయేది. ఎవరూ రమ్మనకుండా ఎంతమంది ఇళ్ళలోకి వెళ్ళి కూర్చున్నానో అనుకునేది. తన ఇంట్లోకి కూడా ఎవరో వచ్చి కూర్చుని ఉండొచ్చని తట్టలేదు.

ఒకనాడు ఆమె కథ కింద ఎవరో చదువరి రాశాడు, "మసక అని ఇంకో కథ ఉంది, మీ పక్కింటి కథలా ఉంది, చూడండి" అని. వెళ్ళి చూసింది.

ఫోన్ మీద గీసింది కాదు. ముతక కాగితం మీద పెన్సిలుతో గీసి ఫోటో తీసి పెట్టారు. గడులు కూడా తిన్నగా లేవు. ఒకటి అర్ధచంద్రంలా ఉంది, ఒకటి ఒక పక్క ఒంపు తిరిగింది, ఇంకొకటి సన్నగా పొడుగ్గా ఉంది. గడి గీయడం కూడా రానివాళ్ళు బయల్దేరారు అని పెదవి విరిచింది. తీరా బొమ్మలు చూస్తే ఆ విరుపు నిలవలేదు. అందులో మనుషుల మొహాలు లేవు. అన్నీ ఒక ముసలి మనిషి కళ్ళలోంచి గీసినవి. ముందు రెండు చేతులు, ఆ చేతులకి అవతల అంతా పొగ. పొగలో రెండు డబ్బాలు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. చెయ్యి ఇటు వెళ్ళింది, అటు వెళ్ళింది, ఒకటి తీసింది. కప్పులో తెల్లగా ఏదో పడింది. చివరి గడిలో పొగ అవతల నుంచి ఎవరిదో నవ్వు, నోరు ఒక్కటే, పళ్ళతో సహా.

ఉప్పు టీ కథే. తను నవ్వించిన చోట ఇక్కడ వెన్నులో చలి పుట్టింది. గీసిన పేరు చూసింది. ఎవరైతేనేం అని ఉంది.

ఆమెకి ఒళ్ళు మండింది. అక్కడికక్కడే కింద రాసింది, ఉప్పు టీ నాది, ముసలమ్మ నాది, సొంతంగా ఏమీ తోచనివాళ్ళు గీయడం మానుకుంటే మంచిదని. జవాబు వెంటనే రాలేదు. సాయంత్రం బస్సులో ఉండగా వచ్చింది.

"మీ వంటింటి తలుపు స్టవ్వుకి ఏ పక్కన ఉంది?"

ఇదేం ప్రశ్న అనుకుంది. మళ్ళీ తెరిచి చూసింది. పొగలోనే అయినా కనబడుతూనే ఉంది. స్టవ్వు, దాని కుడిపక్క తలుపు, మేకు. తన కథలో తలుపు ఎడమపక్క ఉంటుంది. తన కథ చూసి ఎత్తి రాసేవాడు ఎడమపక్కే గీయాలి. కుడిపక్క గీయాలంటే ఆ వంటింట్లో నిలబడి ఉండాలి.

ఆమె ముందు సీటు కడ్డీ పట్టుకుంది. బస్సులో పక్కన కూర్చున్నామె, ఏమ్మా కళ్ళు తిరుగుతున్నాయా, కిటికీ పక్కకి జరుగు అంది.

ఇంటికి వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడి రోజూ చూసేదాన్నే కొత్తగా చూసింది. మొగుడా? అతనికి సున్నా చుట్టమంటే కోడిగుడ్డు వస్తుంది. నీళ్ళ డబ్బాలు వేసేవాడా? గుమ్మం దాటి రాడు. పక్కింటావిడా? ఆవిడ నోట్లో మాటే ఆగదు, కడుపులో ఇంత సంగతి ఆగుతుందా. బల్లి సంగతి మాత్రం తోచలేదు. గోడ మీద ఉన్నదాన్ని ఎవరు మాత్రం అనుమానిస్తారు?

మరుసటి వారం మసకలో స్టవ్వు. చెయ్యి మసిగుడ్డతో గిన్నె దించుతోంది. పొగలో ఒక పసుపు మరక. మరక గుడ్డ అంచు పట్టుకుని పైకి పాకుతోంది. ఆ చేతికి తెలియడం లేదు. ఆఖరి గడిలో మరక మణికట్టు దగ్గరికి వచ్చి ఉంది. చిన్నకోడలు ఇంటికి వచ్చి మేకు వైపు చూసింది. మసిగుడ్డ అంచు నల్లగా కాలి ఉంది. అత్తగారి కుడిచేతికి ఏదో మందు తెల్లగా పూసి ఉంది. ఏమైందత్తయ్యా అంటే, ఆ, ఏముంది, దోమ కుట్టింది, నిప్పుల దోమ అని ఆవిడ కొట్టిపారేసింది.

తన ఇంట్లో జరిగింది తనకి పరాయి బొమ్మ చెప్పింది. రోజూ అదే బల్ల దగ్గర కూర్చునే మనిషి చేతికి మందు ఉందని, ఆ బొమ్మ చూడకపోతే చూసేదే కాదు.

అప్పుడైనా సొరుగు తీయవచ్చు. తీయలేదు. ఎందుకంటే ఇప్పుడు కారణం మారింది. ఇన్నాళ్ళు రానివి ఇవాళ ఎలా వచ్చాయి అని ఆ గీసేవాళ్ళెవరో చూస్తూ ఉంటారు కదా. అత్తగారి ముందు పెట్టి చెప్పేస్తే? నన్ను పనికి పంపిన చేత్తోనే మెడ పట్టి గెంటదూ? ఆ భయంతో ఇంకో వారం, ఇంకో వారం అనుకుంటూ పోయింది. అబద్ధం పాతబడే కొద్దీ బరువెక్కింది, మోసేదానికి ఆ సంగతి తెలుస్తూనే ఉంది.

పెరటి తలుపు తీస్తే వాకిలి. వాకిట్లోంచి డాబా మీదికి మెట్లు. ఒక పక్క గోడ, రెండో పక్క ఏమీ లేదు. ఇల్లు కట్టించిన మామగారు ఆ పక్క రెయిలింగు తర్వాత పెట్టిస్తానని, ఆ తర్వాత రాకముందే పోయాడు. కింద సిమెంటు నీళ్ళతొట్టి. బట్టలు డాబా మీదే ఆరేస్తారు. ఆరేయడం, తీయడం అత్తగారి హక్కు, ఎవరినీ ముట్టనివ్వదు.

మసకలో ఆ మెట్లు వచ్చాయి. పైనుంచి కిందికి చూస్తున్నట్టు గీశారు. మెట్లు లేవు, బూడిదరంగు జారుడు ఒకటే. దాని మీద గాలిలో ఒక పాదం, కింద ఏముందో వెతుక్కుంటూ. గోడ అటుపక్క ఉంది, పాదం ఇటుపక్క ఉంది. అక్కడితో ఆపేశారు. తన కథ చదివేవాళ్ళే ఇప్పుడు అక్కడ కూడా చేరారు. పడుతుందా, పడుతుందా అని ఒకరినొకరు అడుగుతున్నారు. వాళ్ళ ఆత్రం చదవలేక ఆమె ఫోన్ మూసేసింది. అది తను అలవాటు చేసిన ఆత్రమే.

ఆ సాయంత్రం అత్తగారితో అంది, మెట్లెక్కొద్దు, బట్టలు నేను తెస్తానని.

"అద్దాలు తెచ్చిపెట్టు, చూసుకునే ఎక్కుతా," అంది అత్తగారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "వచ్చాయా?"

"ఇంకా లేదత్తయ్యా."

"పాపం. ఎంత దూరం నుంచి నడిచొస్తున్నాయో." ఆవిడ నవ్వింది. ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఆ తర్వాతి వారం మసకలో ఒకే ఒక బొమ్మ. అందులో పొగ లేదు, అంతా తేటగా ఉంది. సగం తెరిచిన సొరుగు. మడతపెట్టిన గుడ్డలు. వాటి కిందనుంచి మూల కనబడుతున్న ఒక డబ్బా.

దుకాణంలో బల్ల దగ్గర నిలబడి చూసిందది. చూసి, మోకాలితో సొరుగుని నెట్టి గట్టిగా మూసింది, మూసే ఉన్నా. ఫోన్లో బొమ్మని పెద్దది చేసి, ఎటు లాగినా ఇంకేమీ దొరక్క, గడి అంచు దగ్గర ఆగింది. ఆ కాగితం అంచు ఒంపు తిరిగి, ఓ చోట చిన్న కత్తెరగాటు ఉంది. ఆ గాటు ఎందుకు పెడతారో ఆమెకి తెలుసు. చొక్కా చెయ్యి భుజానికి ఎక్కడ కలవాలో గుర్తు కోసం. అర్ధచంద్రం అంటే మెడ కోయగా మిగిలిన ముక్క. సన్నగా పొడుగ్గా ఉన్నది కాలరు. గడి గీయడం రాదని ఎవరిని వెక్కిరించిందో వాళ్ళు గడి గీయనే లేదు. బట్టల కొలతకి కోసిన కాగితాల్లో మిగిలిన తుంపులనే గడులుగా వాడారు.

ఇంటికి వెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా ముందుగదిలోకి నడిచింది. పెద్దకోడలు ఒక గౌను చేతికి గుండుసూది గుచ్చుతోంది. పక్కన మేకుకి కాగితం కొలతలు గుత్తిగా వేలాడుతున్నాయి.

"అక్కా, నువ్వేనా?"

పెద్దకోడలు తల ఎత్తలేదు. "బల్లికి చేతులుండవనుకున్నావా?"

చిన్నకోడలు గోడకి ఆనుకుంది. ఎప్పటినుంచి చూస్తున్నావని అడిగింది.

"నన్ను గోడ ఎక్కించిన రోజునుంచి. బాగా గీశావు. తోకే కాస్త పొడుగైంది." గౌను తిరగేసింది. "మీ దుకాణానికి వెళ్ళాను చెల్లీ. అత్తయ్య అద్దాలు ఇంత ఆలస్యం ఎందుకో కనుక్కుందామని. నువ్వు భోజనానికి వెళ్ళావు. మీ భూతద్దం సొరుగు లాగి చూపించాడు. మీ చెల్లెలే బిగించిందమ్మా, పట్టుకెళ్ళండి అన్నాడు."

"మరి తేలేదేం?"

"దాచింది నేనా?"

"ఆవిడ పడిపోతే?"

"నేను గీసిందీ అదే కదా." ఇప్పుడు తల ఎత్తింది. ఆ మొహంలో కోపం లేదు. కోపం ఉంటే చిన్నకోడలికి కాస్త ధైర్యం వచ్చేది. "ఎన్నాళ్ళు చూస్తావో చూద్దామని కూర్చున్నా. నువ్వు నన్ను చూస్తూ కూర్చోమన్నట్టే గీశావు మరి."

రేపు తెచ్చేస్తానంది చిన్నకోడలు. ఒట్టేసింది. తన బొమ్మలన్నీ తీసేస్తానంది, నువ్వు కూడా నీవి తీసెయ్యమని బతిమాలింది. అత్తయ్యకి మాత్రం చెప్పొద్దంది. పెద్దకోడలు దారం నోటితో కొరికి పక్కకి ఊసింది.

"రేపటి బొమ్మ గీసేశాను. పెట్టడమే మిగిలింది."

అందులో ఏముందని ఎంత అడిగినా చెప్పలేదు. మిషను చక్రం తిప్పింది. ఇంక ఆ చప్పుడులో మాటలు వినబడవు.

మర్నాడు చిన్నకోడలు దుకాణం తలుపు తీయగానే చేసిన మొదటి పని డబ్బాని తన సంచిలో వేసుకోవడం. భూతద్దం చూశాడు. ఇన్నాళ్ళకి ముహూర్తం కుదిరిందా అన్నాడు. మధ్యాహ్నానికే వెళ్ళిపోతానంటే, ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు, వాళ్ళ పని చూసి వెళ్ళమన్నాడు. ఎవరి ముక్కు ఎటు వంకరో ఆమెకి ఆ రోజు కనబడలేదు. ఒకావిడకి కాడలు ఒకటి పైకి, ఒకటి కిందికి పెట్టి పంపింది. బయట మబ్బు పట్టింది. గాలి వీధిలో కాగితాల్ని తరుముతోంది. మబ్బు పడితే అత్తగారు బట్టల కోసం పైకి వెళ్తుంది. ఆ సంగతి తలలో మెదలగానే, ఎదురుగా కూర్చున్నాయన ముక్కు మీద సగం పెట్టిన జోడు అలాగే వదిలేసి, సంచి పుచ్చుకుని బయటపడింది.

బస్సులో ఫోన్ గణగణమంది. మసక కొత్త బొమ్మ వచ్చిందని. తెరవలేదు. తెరిస్తే అది జరిగిపోయి ఉంటుందన్నట్టు ఫోన్‌ని బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

ఇంటి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. మనిషి లేదు, కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళినట్టుంది. వంటింట్లో స్టవ్వు ఆర్పి ఉంది. బల్ల మీద పాత కప్పు. పెరటి తలుపు గాలికి కొట్టుకుంటోంది.

"అత్తయ్యా," అంది, పెద్దగా కాదు.

వాకిట్లోకి వచ్చి తల పైకెత్తింది. అత్తగారు మెట్ల మీద సగం దారిలో ఉంది. రెండు చేతులనిండా బట్టలు, గడ్డం దాకా. ముక్కు మీద ఆ పాత జోడు. ఒక పాదం మెట్టు మీద ఉంది, రెండోది గాలిలో. గోడ అటుపక్క ఉంది, పాదం ఇటుపక్క ఉంది. అచ్చం గీసినట్టే. గీసినట్టు లేనిది ఒక్కటే, ఆ పాదం కదులుతోంది.

కేక వేస్తే ఉలిక్కిపడుతుంది. చిన్నకోడలు చెప్పులు వదిలేసి, ఒక్కో మెట్టూ పిల్లిలా ఎక్కింది.

"అత్తయ్యా, నేను. అక్కడే ఉండండి. కాలు వెనక్కి తీసుకోండి."

"నువ్వా? ఈ వేళప్పుడు వచ్చావేం? పనిలోంచి తీసేశారా?"

"గోడ పట్టుకోండి."

"చేతులేవీ? అన్నీ బట్టలే."

"వదిలేయండి."

"వదిలేస్తే మళ్ళీ నువ్వు ఉతుకుతావా?" అంటూనే పాదం వెనక్కి తీసుకుంది.

చిన్నకోడలు ఆవిడ ముందు మెట్టు మీదికి చేరింది. తెరిచి ఉన్న పక్కకి తన ఒళ్ళు అడ్డం పెట్టింది. సంచిలోంచి డబ్బా తీసింది. పాత జోడు తీసి, కొత్తది పెట్టింది. వేళ్ళు పని మరిచిపోలేదు. కాడలు చెవుల వెనక సర్ది, ముక్కు మీద కూర్చోబెట్టి, అలవాటుకొద్దీ అంది.

"తల ఊపండి."

అత్తగారు తల ఊపింది. జోడు జారలేదు.

ఆవిడ ముందు కాళ్ళ వంక చూసుకుంది. మెట్టు అంచు చూసింది. ఆ అంచు అవతల ఏమీ లేకపోవడం చూసింది. అంత కిందుగా తొట్టి, దాని సిమెంటు అంచు. చాలాసేపు చూసింది. తర్వాత కోడలి మొహం చూసింది. అది ఇంకా ఎక్కువసేపు చూసింది.

"ఎప్పుడొచ్చాయి?"

ఇవాళే అంటే సరిపోతుంది. నాలుక చివర సిద్ధంగా ఉంది ఆ మాట. దాన్ని దాటుకుని ఇంకోటి వచ్చింది. "ఎప్పుడో వచ్చాయత్తయ్యా."

"తెలుసు," అంది అత్తగారు. "నీ ఫోన్ ఇలా ఇవ్వు."

బట్టల మూటని కోడలి చేతుల్లోకి తోసి, ఆ మెట్టు మీదే గోడకి ఆనుకుని కూర్చుంది. పెద్దది నీ కథ చదివి వినిపిస్తూనే ఉందని చెప్పింది, మొదటి వారం నుంచీ, మధ్యాహ్నాలు తనకి మాత్రం వేరే కాలక్షేపం ఏముందని. గంగాళం అంటే తనేనని తెలుసు, మూత ఎగరడమూ తెలుసు. ఉప్పు టీ రోజున పొట్ట పట్టుకుని నవ్విందట. సొరుగు సంగతి విన్న రోజున నవ్వలేదట. అయినా ప్రతి వారం అడుగుతూనే వచ్చింది, వచ్చాయా అని.

"వినడం వేరు. బొమ్మ ఎలా ఉంటుందో నా కళ్ళతో చూద్దామని," అంది.

చిన్నకోడలు బట్టలు ఒక చంకకి నెట్టి ఫోన్ తీసి ఇచ్చింది. ఫోన్ తెరవగానే పైన ఉన్నది మసక కొత్త బొమ్మ. అత్తగారి వేలు దాని మీద పడింది. కోడలికి తలకిందులుగా కనబడింది. ఈ మెట్లే. పొగ లేదు, మెట్లన్నీ ఒక్కోటీ తేటగా లెక్కపెట్టేట్టు ఉన్నాయి. మెట్ల మీద ఎవరూ లేరు. అడుగున తొట్టి పక్కన బట్టల కుప్ప. కుప్పలోంచి రెండు పాదాలు.

అత్తగారు అద్దాలు సర్దుకుని మళ్ళీ చూసింది.

"పెద్దదానికి నా పాదాలు బాగా వచ్చాయి," అంది.

వీధి తలుపు చప్పుడైంది. పెద్దకోడలు ఖాళీ సంచితో వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చి, మెట్ల కింద ఆగిపోయింది. ముందు తొట్టి పక్కకి చూసింది, అప్పుడు పైకి చూసింది. ఆమె చేతిలోంచి సంచి జారింది. ముసలావిడ ఆమెని కూడా కొత్త అద్దాల్లోంచి తీరిగ్గా చూసింది. మళ్ళీ ఫోన్ వైపు వంగి, వేలితో వెతుక్కుంటూ, గంగాళం గారి ఇల్లు మొదటి వారానికి వెళ్ళింది. ఒక బొమ్మ చూసింది, ఇంకోటి చూసింది. నవ్వు రాలేదు. చినుకులు మొదలయ్యాయి. ఒకటి అద్దం మీద పడినా తుడుచుకోలేదు.

"అంత పెద్ద పొట్ట పెట్టావు. మూత పెట్టావు. కాళ్ళు పెట్టావు," అంది. "కళ్ళేవే, చిన్నదానా?"

చిన్నకోడలికి ఇన్ని వారాల్లో గంగాళానికి కళ్ళు గీయాలని ఒక్కసారి కూడా తోచలేదు.

"ఇద్దరూ ఇలా వచ్చి నా ముందు కూర్చోండి," అంది అత్తగారు, ఇంకో బొమ్మ తిప్పుతూ. "ఇంకా చాలా ఉన్నట్టున్నాయి. అన్నీ చూశాక మాట్లాడతాను."